యుద్ధం వస్తే మిలిటరీ నర్సు ఎక్కడుంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మిలిటరీ నర్సింగ్‌లో చేరతానని పట్టుబట్టింది. యుద్ధం వస్తే సరిహద్దుకు పంపేస్తారని వాళ్ళమ్మకు ఒకటే టెన్షన్. మా బావగారేమో, "నర్సు పనికి మిలిటరీ దాకా ఎందుకు, అదేమన్నా తుపాకీ పట్టే ఉద్యోగమా" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు వాళ్ళమ్మగారి భయం సంగతి చూద్దాం. గాయపడిన జవానుకు తొలి చికిత్స అతని యూనిట్‌కు దగ్గర్లోని రెజిమెంటల్ ఎయిడ్ పోస్టులో జరుగుతుంది. అక్కడుండేది ఆర్మీ డాక్టరు, నర్సింగ్ అసిస్టెంట్లు. అక్కణ్ణుంచి ఫీల్డ్ హాస్పిటల్, బేస్ హాస్పిటల్, కమాండ్ హాస్పిటల్ ఇలా వెనక్కి తరలిస్తారు. మీ అమ్మాయిలా ఆఫీసరుగా చేరే నర్సుల పని ఎక్కువగా ఈ ఆస్పత్రుల్లోనే.

ప్రమాదం అసలు ఉండదని మాత్రం నేను చెప్పను. వైద్య సిబ్బంది మీదా, ఎర్రశిలువ గుర్తున్న ఆస్పత్రుల మీదా దాడి చేయకూడదని 1949 నాటి జెనీవా ఒప్పందాలు చెబుతున్నాయి. అందరూ అన్నిసార్లూ దానికి కట్టుబడలేదు. పైగా పోస్టింగ్ ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్ళాల్సిందే. ఈ మాట వాళ్ళమ్మగారి దగ్గర దాచకండి.

నన్నడిగితే అంతకన్నా పెద్ద కష్టం వార్డులో ఉంటుంది. గాయపడ్డవాళ్ళు ఒక్కసారిగా వచ్చిపడతారు. ఎవరిని వెంటనే ఆపరేషన్‌కు పంపాలి, ఎవరు కాసేపు ఆగగలరు అన్నది నిమిషాల్లో తేల్చాలి. వచ్చేవాళ్ళలో చాలామంది ఆమె ఈడు కుర్రాళ్ళే. కాలు పోయిందని అప్పుడే తెలిసిన అబ్బాయికి ధైర్యం చెప్పి, వెంటనే పక్క మంచం దగ్గర రక్తం ఎక్కించాలి. ఆ రాత్రి గడవదని తెలిసిన మనిషి దగ్గరా నిలబడాలి. మీ అమ్మాయిని కూర్చోబెట్టి అడగాల్సింది దీని గురించే. యూనిఫాం నచ్చిందా, ఈ పని నచ్చిందా? పని నచ్చితే అడ్డుపడకండి. యూనిఫాం మాత్రమే అయితే వేరే దారులున్నాయి. సైన్యాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో ఆర్మీ విభాగానికి బైపీసీ వాళ్ళు కూడా రాయవచ్చు, 2022 నుంచి అమ్మాయిలనూ తీసుకుంటున్నారు. కాకపోతే లెక్కల పేపరు తప్పదు.

ఇక మీ బావగారి మాట నాకు బాధ కలిగించింది. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, మన దేశంలో మహిళల సహాయక దళం ఏర్పడింది. అందులో చేరినవాళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు నడిపారు, రహస్య సందేశాల పని చూశారు, బండ్లు తోలారు. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతుంటే గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ అనే వైమానిక దళ పైలట్లు చీతా హెలికాప్టర్లలో వెళ్ళి క్షతగాత్రులను తీసుకొచ్చారు. ఇవేవీ తుపాకీ పట్టిన ఉద్యోగాలు కావు. కానీ తనను వెనక్కి తెచ్చేవాళ్ళు, బతికించేవాళ్ళు ఉన్నారన్న నమ్మకం లేకుండా ఏ జవానూ ముందుకు అడుగు వేయలేడు. మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో లెఫ్టినెంట్‌గా మొదలై మేజర్ జనరల్ దాకా ఎదిగిన మహిళలు ఉన్నారని కూడా ఆయనకు చెప్పండి.

చేరే పద్ధతి: బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. పుణె, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగళూరుల్లోని సైనిక కళాశాలల్లో కలిపి 220 సీట్లు. వసతి, భోజనం ఉచితం, స్టైపెండ్ కూడా ఇస్తారు. నీట్ రాస్తే సరిపోదు, ఆర్మీ వెబ్‌సైట్‌లో విడిగా దరఖాస్తు చేయాలి. చాలామంది ఇది తెలియకే అవకాశం పోగొట్టుకుంటారు. తర్వాత ఇంగ్లిష్, రీజనింగ్‌లతో కంప్యూటర్ పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్ ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలు ఇంటర్వ్యూలోనే తడబడతారు కాబట్టి ఇంగ్లిష్‌లో మాట్లాడటం ఇప్పటినుంచే మొదలుపెట్టించండి. చేరేటప్పుడు బాండ్ రాసివ్వాలి. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాల్సి వస్తుంది, అందుకని సంతకం పెట్టేముందు మీరూ మీ అమ్మాయీ కలిసి ఆ కాగితం పూర్తిగా చదవండి.