కీమో పెట్టకుండా బిళ్లలు రాసిచ్చారంటే చేతులెత్తేసినట్టా?

కావలి నుంచి అడిగినవారికి. మీ అమ్మగారి రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది, రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ (అంటే కణాలు ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టుకునే రకం), హెర్2 నెగటివ్ (హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేదు) అని ఉంది, డాక్టర్ కీమో ఊసెత్తకుండా లెట్రోజోల్, పాల్బోసిక్లిబ్ రాశారు, చుట్టాలేమో "ఇక చేసేదేం లేక ఇంటికి పంపేశారు" అంటున్నారు. ఇదే కదా మీ టెన్షన్? వాళ్ల మాట పట్టించుకోకండి. ఒంగోల్లో మా పిన్నికి ఇదే జబ్బు, ఇవే బిళ్లలు, ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తిరిగేది నేనే.

ఈ రకం క్యాన్సర్ ఈస్ట్రోజెన్ అందితేనే పెరుగుతుంది. లెట్రోజోల్ ఒంట్లో ఆ హార్మోన్ తయారవకుండా చేస్తుంది, పాల్బోసిక్లిబ్ ఏమో క్యాన్సర్ కణం రెండుగా చీలడానికి కావాల్సిన సీడీకే 4, 6 అనే ఎంజైములను అడ్డుకుంటుంది. 2016లో వచ్చిన పలోమా-2 అనే ట్రయల్ ఫలితాల్లో లెట్రోజోల్ ఒక్కటే వాడినవాళ్లకు జబ్బు ముదరకుండా గడిచిన కాలం మధ్యస్థంగా 14.5 నెలలైతే, రెండూ కలిపి వాడినవాళ్లకు 24.8 నెలలు. అయితే మొత్తం ఆయుష్షు పెరిగిందా అంటే పాల్బోసిక్లిబ్ ఆ తేడా గట్టిగా చూపించలేకపోయింది. దాని తోబుట్టువు రైబోసిక్లిబ్ చూపించింది, మొనాలీసా-2 ట్రయల్‌లో 51.4 నెలల నుంచి 63.9కి. మరి అదే ఎందుకు రాయలేదని నేనూ అడిగాను. రైబోసిక్లిబ్ గుండె లయను కదిలిస్తుంది, ఈసీజీలు తీస్తూ ఉండాలి, పిన్నికి ముందే గుండె జబ్బుంది కాబట్టి వద్దన్నారు. మీ అమ్మగారి విషయంలో కారణం ఏమిటో మీరూ అడగండి, మంచి డాక్టరైతే విసుక్కోరు.

కీమోనే గట్టి మందు అనే భ్రమ మన దగ్గర బాగా ఉంది, జుట్టు ఊడితేనే వైద్యం జరిగినట్టు. రైట్ ఛాయిస్ అనే ట్రయల్‌లో ఇంకా నెలసరి ఆగని ఆడవాళ్లను, అదీ జబ్బు జోరుగా ఉన్నవాళ్లను తీసుకుని, కొందరికి రెండు మందుల కీమో, కొందరికి హార్మోన్ మందులతో కలిపి రైబోసిక్లిబ్ ఇచ్చి చూశారు. కీమో వైపు 12.8 నెలలు, బిళ్లల వైపు 21.8 నెలలు జబ్బు అదుపులో ఉంది.

ఇక ఇంట్లో జరిగే సంగతి. పాల్బోసిక్లిబ్ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి, లెట్రోజోల్ మాత్రం రోజూ. మా పిన్ని వంటింటి క్యాలెండర్‌లో పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటుంది, ఆపే వారం గళ్లన్నీ అడ్డంగా కొట్టేస్తుంది, ఎవరైనా వచ్చి "మందులు మానేశావా అక్కా" అంటే ఆ పేజీనే చూపిస్తుంది. ఈ మందుతో తెల్ల రక్తకణాలు పడిపోతాయి, రిపోర్టు చూసి హడలిపోకండి. పిన్నికి తర్వాతి కోర్సు ఒక వారం వెనక్కి జరిపి, 125 మిల్లీగ్రాములది 100కి తగ్గించారు, తగ్గించడం మామూలే. కానీ జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా సరే, పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ జోలికి పోవద్దన్నారు. ఆకు పసరు, కషాయం అంటూ ఎవరు తెచ్చిచ్చినా డాక్టర్‌కి చూపించకుండా తాగించకండి.

ఖర్చు అంటారా, 2023 జనవరిలో పాల్బోసిక్లిబ్ పేటెంట్ అయిపోయాక మన కంపెనీల మందు వచ్చి ధర బాగా దిగింది. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏం వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్య మిత్ర దగ్గర కనుక్కోండి.

ఈ బిళ్లలు ఎప్పటికో పనిచేయడం మానేస్తాయి, అది దాచి ప్రయోజనం లేదు. అప్పుడు కూడా నేరుగా కీమోకే వెళ్లాలని లేదు. రక్తం నుంచే ఈఎస్ఆర్1 అనే జన్యువులో మార్పు ఉందేమో పరీక్ష చేసి, ఉంటే ఎలాసెస్ట్రాంట్ అనే బిళ్ల ఇస్తారు, 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ రకం క్యాన్సర్లలో సుమారు 40 శాతం మందికి పీఐకే3సీఏ అనే జన్యువులో మార్పు ఉంటుంది, దానికి ఆల్పెలిసిబ్, 2024లో అనుమతి పొందిన ఇనావోలిసిబ్ ఉన్నాయి, కాకపోతే షుగర్ పెంచేస్తాయి, అమ్మగారికి షుగర్ ఉంటే ముందే చెప్పాలి.

ఇంకోటి, హెర్2 నెగటివ్ అన్నా అది సున్నానా, 1+ఆ, 2+ఆ అని బయాప్సీ కాగితంలో చూడండి. 1+ ఉన్నా, 2+ ఉండి ఫిష్ (FISH, హెర్2 జన్యువును చూసే పరీక్ష) నెగటివ్ వచ్చినా దాన్ని "హెర్2-లో" (HER2-low, అంటే హెర్2 తక్కువగా ఉన్న రకం) అంటారు, వాళ్లకు తర్వాత ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే ఇంజెక్షన్ పనికొస్తుందని 2022లో తేలింది. ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టబోతుంటే మాత్రం ముందు పళ్ల డాక్టర్‌కి చూపించండి, పీకాల్సిన పన్ను ఉంటే ఇంజెక్షన్‌కి ముందే పీకించేయాలి, తర్వాత పీకితే దవడ ఎముక మానక చాలా ఇబ్బంది పెడుతుంది.