చివరి ఎపిసోడ్ తర్వాత వచ్చిన ఉత్తరాలు

కిందటి సంచికలో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అనే అమెరికా టీవీ సీరియల్ ముగింపు గురించి నాలుగు మాటలు రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. అందుకే వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. ఇంకా చూడనివాళ్లు చూశాకే ఈ పేజీ చదవండి. ఎవరు చచ్చారో, ఎవరు రాజయ్యారో అన్నీ చెప్పేస్తున్నాను.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. ఎనిమిది సీజన్లూ సెలవుల్లో చూశాను. చివరిది చూశాక రెండు రోజులు అన్నం సయించలేదు. ‘సీరియల్‌కి ఇంత ఏడుపేంటి’ అని మా అన్నయ్య ఒకటే నవ్వడం. మీకూ ఇలాగే అయిందా మేడమ్? – ఒక పాఠకురాలు, హనుమకొండ

అయిందమ్మా. 2019 మే 20, సోమవారం. అమెరికాలో ఆదివారం రాత్రి వేసేది మనకి హాట్‌స్టార్‌లో పొద్దున ఆరున్నరకి వచ్చేది. అయిదింటికే లేచి, కుళాయి నీళ్లు పట్టేసి, నాకూ మా అమ్మాయికీ రెండు గ్లాసుల కాఫీ కలుపుకుని కూర్చున్నాను. జాన్ తను ప్రేమించిన రాణి డెనేరిస్‌ని ముద్దు పెట్టుకుంటూనే పొడిచేశాడు. ఆమె పెంచిన డ్రోగన్ వచ్చి, అంత పెద్ద డ్రాగన్, మూతితో ఆమెని మెల్లగా కదిపింది. ఆమె లేవలేదు. పడిపోయిన ఆవుని దూడ ఎలా తోస్తుందో చూసినవాళ్లకి తెలుస్తుంది ఆ కదపడం. నేను ఎపిసోడ్ ఆపలేదు, మాట్లాడలేదు. అంతా అయ్యాక చూస్తే రెండు గ్లాసుల్లోనూ కాఫీ మీద మీగడ కట్టి ఉంది.

కథ కంచికి, మనం ఇంటికి అంటారు. ఆ రోజు కథ కంచికి వెళ్లింది గానీ నేను ఇంటికి రావడానికి వారం పట్టింది. మీ అన్నయ్యని ఒక్క సీజన్ పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మూడోదైతే మంచిది.

ప్రశ్న: సీజన్ మళ్లీ తీయమని లక్షల మంది సంతకాలు పెట్టారు కదా. మీరు పెట్టారా? డెనేరిస్ నగరాన్ని తగలబెట్టడం అన్యాయం కాదా? – ఒక బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

పెట్టలేదండీ. కానీ పెట్టినవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. సమర్థులైన రచయితలతో ఎనిమిదో సీజన్ మళ్లీ తీయాలన్నది ఆ అర్జీ. చివరి ఎపిసోడ్ రాకముందే అది 10 లక్షలు దాటింది, తర్వాత 18 లక్షలు దాటింది. సాన్సా వేషం వేసిన సోఫీ టర్నర్ అది పనిచేసినవాళ్లని అగౌరవపరచడమేనన్నారు. నేనూ ఆమె పక్షమే. ఎనిమిదో సీజన్‌లోని వింటర్‌ఫెల్ యుద్ధం కోసం ఉత్తర ఐర్లాండ్ చలిలో 55 రాత్రులు షూటింగ్ చేశారు. మాకు నచ్చలేదు, ఇంకోసారి చేయండి అని వాళ్లతో ఎలా అంటాం?

ఇక డెనేరిస్ సంగతి. ఆమె అలా మారడం అన్యాయమని నేననను. నాలుగో సీజన్‌లో 163 మంది బానిసల యజమానులని శిలువ వేయించింది. ఏడో సీజన్‌లో లొంగని టార్లీ తండ్రీకొడుకులని డ్రాగన్ మంటకి అప్పగించింది. గింజలు ఎప్పుడో చల్లారు. నా బాధ వేరే. అన్నం ఇంకా పలుకుగా ఉండగానే దించేశారు. ఎనిమిదో సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో ఆమె స్నేహితురాలు మిసాందేని చంపుతారు, అయిదో దాంట్లో లొంగిపోయామని గంటలు మోగుతున్నా డెనేరిస్ ఊరిని కాల్చేస్తుంది. ఆ రెండింటి మధ్య ఆమె ఒంటరిగా కూర్చుని ఏం ఆలోచించిందో మనకి చూపించాలి కదా. ఒకప్పుడు పొగరుబోతు వీరుడు జేమీకి చెయ్యి పోయాక అతను మనిషి కావడానికి ఒక సీజన్ మొత్తం ఇచ్చినవాళ్లే వీళ్లు.

మొదటి ఆరు సీజన్లు పదేసి ఎపిసోడ్లు. ఏడోది ఏడు, ఎనిమిదోది ఆరు. ఇంకా తీస్తామంటే దాన్ని ప్రసారం చేసిన హెచ్‌బీఓ చానెల్ కాదనేది కాదు. ముగించేద్దాం అన్నది నిర్మాతలు బెనియాఫ్, వైస్‌ల నిర్ణయం.

నేను మహాభారతం చదివి పెరిగినదాన్ని కాబట్టి ఇది ఇంకా గుచ్చుకుంటుంది. కురుక్షేత్ర యుద్ధంలో చంపుకోవడాలన్నీ సౌప్తికపర్వంతో అయిపోతాయి. ఆ తర్వాత ఇంకా ఎనిమిది పర్వాలున్నాయి. ఆడవాళ్లు రణభూమిలో శవాలు వెతుక్కుంటారు, ధర్మరాజు రాజ్యం వద్దంటాడు, ముసలి ధృతరాష్ట్రుడు అడవికి పోతాడు. తిక్కన వాటిలో ఒక్కదాన్నీ వదలకుండా తెలుగు చేశాడు. ఇక్కడ ఊరు కాలిన మర్నాటి నుంచి కొత్త రాజు వరకూ 80 నిమిషాల్లో సర్దేశారు. సాన్సా తమ్ముడు బ్రాన్ రాజు కావడం నాకు తప్పనిపించలేదు. ఆ పెద్దలందరూ కుర్చీల్లో కూర్చుని పది నిమిషాల్లో సరే అనేయడం మాత్రం మింగుడుపడలేదు.

ప్రశ్న: షూటింగ్‌లో కాఫీ కప్పు సీన్‌లోనే వదిలేశారంటారు, నిజమేనా? – నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

నిజమే. ఎనిమిదో సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో విందు సీన్‌లో డెనేరిస్ ముందు ఉంది. తర్వాత చెరిపేశారు. చివరి ఎపిసోడ్‌లో జాన్ స్నేహితుడు శామ్ కాలి దగ్గర నీళ్ల బాటిల్ కూడా కనిపించింది. ముగింపు బాగుంటే వీటిని ఎవరూ వెతికేవారు కాదు.

ప్రశ్న: మా చెల్లెలు అమెరికాలో ఉంటుంది. అక్కడ పిల్లలకి ‘ఖలీసీ’ అని పేర్లు పెట్టుకున్నారట. ఇప్పుడు వాళ్ల గతేంటి? – ఒక గృహిణి, కరీంనగర్

ఖలీసీ అంటే సీరియల్‌లో డెనేరిస్ బిరుదు. వందల మంది పెట్టుకున్నారు. వాళ్లు పేరు పెట్టింది బానిసల సంకెళ్లు తెంచిన అమ్మాయిని చూసి, నగరం కాల్చినదాన్ని చూసి కాదు. ఆ పిల్లలు పెద్దయ్యాక అదే చెప్పాలి. కర్ణుడు ఎటువైపు నిలబడ్డాడో తెలిసి కూడా మనం కొడుకులకి కర్ణ అని పెట్టుకోవడం లేదా?

ప్రశ్న: నవలల్లోనూ ఇదే ముగింపా? – ఒక విద్యార్థి, రాజమండ్రి

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ముఖ్యమైన మలుపులు నిర్మాతలకి ముందే చెప్పారు. ఏడు నవలలు రావాలి. అయిదోది 2011లో వచ్చింది, మిగతా రెండింటి కోసం అందరితో పాటు నేనూ ఎదురుచూస్తున్నాను.

ప్రశ్న: అంత తిట్టారు కదా, చివరి ఎపిసోడ్‌లో మీకు నచ్చినదేమీ లేదా? – ఒక పాఠకురాలు, బెంగళూరు

ఉందమ్మా. తిట్టింది కూడా ఇష్టం కొద్దీనే. ఆ ఏడాది ఉత్తమ డ్రామాగా ఎమ్మీ వస్తే సంతోషించినదాన్ని.

వీరవనిత బ్రియన్ రాజరక్షకుల పుస్తకం తెరిచే సీన్ ఉంది చూడండి. అందులో ఒక్కో వీరుడు చేసిన పనులు రాసి ఉంటాయి. నాలుగో సీజన్‌లో జేమీ పేజీ సగం ఖాళీగా ఉంటే చిన్న రాజు జాఫ్రీ ఎగతాళి చేశాడు. ఇంకా చోటుందని జేమీ తర్వాత బ్రియన్‌తో అన్నాడు. ఇప్పుడు తనని ఏడుస్తూ వదిలేసి, రాణి సెర్సీ కోసం వెళ్లి చచ్చిపోయిన ఆ మనిషి గురించి బ్రియన్ కలం పట్టుకుంది. ఒక్క నిష్ఠూరం రాయలేదు. గెలిచిన కోటలు, నిలబెట్టుకున్న మాట, అన్నీ వరసగా రాసింది. చివరి వాక్యం దగ్గర ఆగింది. తన రాణిని కాపాడుతూ మరణించాడు అని రాసి పుస్తకం మూసేసింది.

మళ్లీ పెట్టుకున్నప్పుడల్లా నేను అక్కడిదాకా చూసి ఆపేస్తాను.