అద్దె తక్కువని దూరంగా దిగితే...

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్ వెళ్తున్నాడు. కారు కొనిచ్చే స్తోమత మాకు లేదు. దూరమైనా అద్దె తక్కువున్న చోట నలుగురూ కలిసి ఉంటామంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: కారు లేనప్పుడు దూరం వద్దండి. ఆర్లింగ్టన్‌లో రూటు ప్రకారం తిరిగే సిటీ బస్సులు లేవు. ఫోన్లో పిలిస్తే వచ్చే షేరింగ్ వ్యాన్లే దిక్కు. డాలస్ చుట్టూ రైళ్లు, బస్సులు నడిపే డార్ట్ సంస్థలో ఆ ఊరు చేరలేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో కూడా అంతే. చేరాలంటే అమ్మకపు పన్నులో ఒక శాతం డార్ట్‌కు ఇవ్వాలి. టెక్సస్‌లో స్థానిక అమ్మకపు పన్ను మొత్తం 2 శాతం దాటకూడదు. ఆ వాటాను వేరే పనులకు మళ్లించుకున్న ఊరికి ఇక బస్సులకు మిగలదు.

దూరంగా దిగితే అద్దెలో మిగిలింది క్యాబులకే పోతుంది. క్యాంపస్‌కు నడిచి వెళ్లగలిగే ఇల్లు చూసుకోమనండి. మ్యాపులో దూరం చూసి ఊరుకోకూడదు. వీధి ఫోటోలు తెరిచి దారంతా ఫుట్‌పాత్ ఉందా, ఆరు లైన్ల రోడ్డు దాటేచోట సిగ్నల్ ఉందా అని చూడాలి. సరుకుల దుకాణానికి వెళ్లే దారీ అలాగే చూసుకోవాలి.

ఇక లీజు. చాలా అపార్ట్‌మెంట్లలో నెల అద్దెకు మూడింతల ఆదాయం చూపమంటారు. జీతం, క్రెడిట్ హిస్టరీ లేని విద్యార్థిని అదనపు డిపాజిటో, హామీదారునో అడుగుతారు. అసలు చిక్కు ఇక్కడుంది: నలుగురూ ఒకే లీజు మీద సంతకం చేస్తే, ఉద్యోగం వచ్చి ఒకరు వెళ్లిపోయినా ఆ వాటా మిగతా ముగ్గురి నెత్తినే పడుతుంది. గదికో లీజు ఇచ్చే చోటు దొరికితే అదే మేలు. ఓనర్ అనుమతి లేకుండా మరొకరిని దించడం టెక్సస్ చట్టం ఒప్పుకోదు, కాబట్టి రాతపూర్వకంగా తీసుకోవాలి. దిగిన రోజే గోడలు, కార్పెట్ మరకలు వీడియో తీసి ఆఫీసుకు ఈమెయిల్ చెయ్యాలి. ఖాళీ చేసేటప్పుడు కొత్త చిరునామా రాసివ్వాలి. అది ఇవ్వనిదే 30 రోజుల్లో డిపాజిట్ వాపసు చెయ్యాల్సిన బాధ్యత ఓనర్‌కు ఉండదు.

ప్రశ్న: అమెరికాను కష్టపడితే ఎవరైనా పైకొచ్చే దేశమంటారు. మరి అక్కడివాళ్లే ఇల్లు కొనలేకపోతున్నామని ఎందుకు వాపోతున్నారు?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ మాట ఒక తరానికి బాగా సరిపోయింది. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం లెక్క ప్రకారం 1940లో పుట్టినవాళ్లలో సుమారు 90 శాతం తల్లిదండ్రుల కంటే ఎక్కువ సంపాదించారు. 1980ల్లో పుట్టినవాళ్లలో సగం మందే. పెరిగిన పేట కూడా భవిష్యత్తును మారుస్తుంది. ప్రభుత్వ అద్దె సాయంతో 13 ఏళ్లలోపే నిరుపేద పేట వదిలిన పిల్లలు, అక్కడే ఉండిపోయినవాళ్ల కంటే పెద్దయ్యాక సుమారు 31 శాతం ఎక్కువ సంపాదించారు.

సొంతిల్లుంటేనే పూర్తి అమెరికన్ అన్న భావన అక్కడ బలంగా ఉంది, కానీ ఆ తలుపు అందరికీ తెరవలేదు. 1934లో మొదలైన ప్రభుత్వ గృహరుణ బీమా నల్లజాతి పేటలను పక్కన పెట్టింది. ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు. భారతీయులకు పౌరసత్వం కుదరదని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు అప్పట్లో కాలిఫోర్నియాలో సాగుభూమి కొనడానికి వీల్లేదు. మనవాళ్లకు ఆ అర్హత 1946లో వచ్చింది.

ఇప్పటి అడ్డంకి జోనింగ్. ఏ స్థలంలో ఏం కట్టాలో ఊరే నిర్ణయించవచ్చని 1926లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. దాంతో చాలా ఊళ్లలో నివాస స్థలం ఎక్కువ భాగం ప్లాటుకొక్క ఇంటికే పరిమితమైంది. ఫ్లాట్లు కట్టినా ఒక్కోదానికి ఇన్ని కార్ల చోటు వదలాలని షరతు. దారితో కలిపి ఒక కారుకు సుమారు 300 చదరపు అడుగులు కావాలి. ఆ ఖర్చు కారు లేనివాళ్ల అద్దెలోనూ కలుస్తుంది. ఇది మార్చలేనిదేమీ కాదు. హ్యూస్టన్ 1998లో నగరం లోపలి భాగంలో కనీస ప్లాటును 5,000 నుంచి 1,400 చదరపు అడుగులకు తగ్గించింది. ఒక్క పాత ఇల్లున్న చోట మూడు వరుస ఇళ్లు కట్టడం అలా వీలైంది.