డబ్బా చేపను మళ్లీ వండకండి: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో డబ్బా సార్డీన్ల (నూనెలో వేసి డబ్బాకెక్కించే చిన్న సముద్రపు చేపల) గురించి ఏదో మాటవరసకు నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగం మంది నచ్చిందన్నారు, సగం మంది ముక్కు మూసుకున్నారు. ఎక్కువమంది అడిగినవి ఏరి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: ఎవరో ఆలివ్ నూనెలో వేసిన సార్డీన్ల డబ్బా కానుకగా ఇచ్చారు. ఉప్పూ కారం పట్టించి పెనం మీద వేయించాను. అంతా పొడిపొడి అయిపోయింది, ఇల్లంతా ఒకటే వాసన. ముళ్లు తీద్దామంటే చేప చేతిలోనే చిదికిపోయింది. ఇందులో జనానికి అంతగా ఏం నచ్చుతుందండీ?

మీ తప్పేం లేదు, చేప అనగానే ఎవరి చెయ్యయినా పెనం వైపే పోతుంది. కానీ డబ్బాలో ఉన్నది పచ్చి చేప కాదు. తలా పేగులూ తీసి, ఉప్పునీళ్లలో ఉంచి, ఆవిరి మీదో నూనెలోనో కాస్త ఉడికించి, డబ్బాలో పేర్చి నూనె పోసి, మూత బిగించాక ఆ డబ్బాతో సహా పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో పెట్టి 115 నుంచి 121 డిగ్రీల దాకా వేడి చేస్తారు. అంటే మీ చేతికి వచ్చేసరికే అది రెండుసార్లు ఉడికింది, మూడోసారి పెనం మీద వేస్తే పొడి కాక ఏమవుతుంది చెప్పండి. ప్రిజర్వేటివ్‌లు లేకుండా ఏళ్ల తరబడి నిలవ ఉండేది కూడా ఆ వేడి వల్లే. వెన్నుముల్లు మెత్తబడేదీ అక్కడే. వేళ్ల మధ్య నొక్కి చూడండి, తడిసిన సుద్దముక్కలా నలిగిపోతుంది. దాన్ని తీసి పారేయకండి. ముళ్లతో తింటే 100 గ్రాములకు సుమారు 380 మిల్లీగ్రాముల కాల్షియం, పాలకు మూడింతలు.

ఈసారి ఇలా తిని చూడండి. డబ్బా ఫ్రిజ్‌లో పెట్టొద్దు, నూనె గడ్డకడుతుంది. మూత మెల్లగా తీయండి, దాని అంచు బ్లేడులా ఉంటుంది (నా బొటనవేలి మీద ఇంకా గీత ఉంది). బ్రెడ్ ముక్కను కరకరలాడేలా కాల్చి, డబ్బాలో నూనే ఒక చెంచాడు దాని మీద పోసి, ఒక చేపను ఫోర్కుతో వెన్ను పొడవునా రెండుగా విప్పి పరవండి. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, మిరియాల పొడి, నిమ్మరసం. నిమ్మరసం పిండగానే నోట్లో పెట్టుకోకుండా ఒక్క నిమిషం ఆగండి, నీచు వాసన తెచ్చే పదార్థాలను పులుపు కట్టిపడేస్తుంది. వేడి అన్నంలో కలుపుకున్నా బాగుంటుంది, ఆ అన్నం వేడి చాలు దానికి. ఏదైనా కూరలో వేయాలనిపిస్తే స్టవ్ ఆపేశాక వేయండి.

నూనె మాత్రం సింకులో పారబోయకండి. మొదటిసారి నేను చేసిన ఘనకార్యం అదే, రెండు రోజులు వంటింట్లో నిలబడలేకపోయాం. అయినా చేప రుచి సగం ఆ నూనెలోకే దిగి ఉంటుంది, నాకైతే చేప కంటే చివర్లో ఆ నూనె అద్దుకుని తినే బ్రెడ్డే ఇష్టం.

ప్రశ్న: డబ్బాలో గాజుపెంకుల్లాంటివి కనిపించాయి. పళ్ల కింద కరకరమన్నాయి కూడా. భయమేసి అంతా పారేశాను. కంపెనీ మీద ఫిర్యాదు చేయాలా?

భయపడడం సహజమే. కానీ చాలాసార్లు అది గాజు కాదు, స్ట్రువైట్ అనే స్ఫటికం. చేపలో సహజంగానే ఉండే మెగ్నీషియం, ఫాస్ఫేటు, అమ్మోనియా కలిసి, డబ్బా చల్లారేటప్పుడు ఇలా గడ్డకడతాయి. హాని లేదు. ఈసారి కనబడితే ఒక ముక్కను గిన్నెలో వేసి వెనిగర్ పోసి కాసేపు గోరువెచ్చగా ఉంచండి. స్ట్రువైట్ అయితే కరిగిపోతుంది, గాజు అయితే అలాగే ఉంటుంది. కరగకపోతే అప్పుడు డబ్బా దాచిపెట్టి ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: సార్డీన్లు నచ్చాయని ధైర్యం చేసి ఆంకోవీలు తెచ్చాను. బాబోయ్, ఉప్పు మూట! బ్రెడ్ మీద మూడు పెట్టుకుని కొరికాను, నాలుక పొక్కిపోయింది. అవి నిజంగా తినేవేనా?

తినేవే, కానీ మీరు తిన్నట్టు కాదు. ఆంకోవీ అంటే నెత్తళ్ల కుటుంబమే. సార్డీన్‌ని వేడితో నిలవ చేస్తే, దీన్ని ఉప్పుతో ఊరవేస్తారు. పీపాల్లో చేపా ఉప్పూ వరసలుగా పేర్చి, పైన బరువు పెట్టి నెలల తరబడి వదిలేస్తే మాంసం ఎర్రబారి, ఊరగాయ ముక్కలా దాని సంగతే మారిపోతుంది. తర్వాత ముళ్లు తీసి నూనెలో వేస్తారు. వీటిని సార్డీన్లలా అంత వేడి చేయరు కాబట్టి తెరవని డబ్బా కూడా ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఇది చాలామందికి తెలియదు.

ఇది చేపముక్క అనుకోకండి, ఉప్పూ మసాలా అనుకోండి. పాన్‌లో నూనె వేసి, సన్నని మంట మీద చితక్కొట్టిన వెల్లుల్లి, రెండు ఆంకోవీలు వేసి గరిటె వెనకతో నొక్కుతూ ఉంటే రెండు నిమిషాల్లో కరిగి కనిపించకుండా పోతాయి. అందులో కూరగాయలో, పాస్తానో కలపండి. తిన్నవాళ్లకు చేప ఉందని కూడా తెలియదు, ఏదో గట్టి రుచి ఉందని మాత్రం అడుగుతారు. విడిగా ఉప్పు వేయకండి.

ప్రశ్న: మా అన్నయ్య డబ్బాలు కొని తినకుండా దాస్తాడు, పైగా ఆరు నెలలకోసారి వాటిని తిరగేస్తాడు! పాతబడే కొద్దీ రుచి పెరుగుతుందట. పిచ్చి కదూ?

పిచ్చే, కానీ పెద్ద ముఠా ఉన్న పిచ్చి. ఫ్రాన్స్‌లో చేప బాగా కొవ్వెక్కిన కాలంలో పట్టి, డబ్బా మీద ఆ సంవత్సరం ముద్రించి అమ్మే సార్డీన్లు ఉన్నాయి. అసలు సార్డీన్లను డబ్బాలకెక్కించిన తొలి ఫ్యాక్టరీలు 1820లలో అక్కడి నాంత్ నగరంలో మొదలయ్యాయి, ఆ పరువు వాళ్లకుంది మరి. (డబ్బాకు ఇంగ్లండ్‌లో పేటెంట్ 1810లో వచ్చింది, డబ్బా ఓపెనర్‌కు అమెరికాలో పేటెంట్ 1858లో. మొదట్లో ఉలీ సుత్తీ పట్టుకుని తెరిచేవాళ్లు!) డబ్బా పాతబడే కొద్దీ నూనె మెల్లగా చేపలోకి దిగి మాంసం వెన్నలా అవుతుంది, తిరగేసేది రెండు వైపులా సమానంగా దిగాలని. ఇది నూనెలో వేసినవాటికే. టమాటా సాస్‌లో ఉన్నవాటిని దాచి లాభం లేదు. డబ్బా ఉబ్బినా, తుప్పుపట్టి కారినా మాత్రం మీ అన్నయ్యను రుచి కూడా చూడనివ్వకండి.

ప్రశ్న: ఒక డబ్బాలో బొటనవేలంత చేపలు నాలుగు, ఇంకోదాంట్లో చిటికెనవేలంతవి పన్నెండు. రెండింటి మీదా సార్డీన్లనే ఉంది. మోసమా?

మోసం కాదు, పేరుతోనే వచ్చిన తంటా. యూరప్, మొరాకో తీరాల్లో దొరికేది సార్డీనా పిల్కార్డస్. నార్వే వాళ్ల బుల్లి చేప స్ప్రాట్ అనే వేరే రకం, అట్లాంటిక్‌కు అవతల కెనడాలో హెర్రింగ్ అనే మరో రకం చేప పిల్లలను కూడా ఇదే పేరుతో అమ్ముతారు. ఈ పేరు మీద యూరప్, పెరూ దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా కొట్లాడుకున్నాయి, 2002లో పెరూ గెలిచింది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో శాస్త్రీయ నామం ఉంటే చూడండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు పొగ పట్టించిన స్ప్రాట్‌లకే, నీచు తక్కువ.

ప్రశ్న: రోజూ తినొచ్చా? పాదరసం ఉంటుందంటారు, టెన్షన్‌గా ఉంది.

పాదరసం బెడద పెద్ద చేపలతోనే ఎక్కువ. ఇవి నాచూ నలుసులూ తిని కొద్ది కాలమే బతికే చిన్న చేపలు, వీటిలో చాలా తక్కువ. ఒమేగా-3, బి12, డి విటమిన్ దండిగా ఉంటాయి. అయితే గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్లు వాచే జబ్బు) ఉన్నవాళ్లకు ఇవి పడవు, యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు ఎంతుందో చూసుకోవాలి. రోజూ ఎందుకు, వారానికి రెండుసార్లు చాలు. మిగిలితే మూతున్న గాజుగిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో ముగించండి.

ప్రశ్న: ఆఫీసు మైక్రోవేవ్‌లో వేడి చేసుకోవచ్చా?

వద్దు. డబ్బాతో పెడితే మైక్రోవేవ్ పోతుంది, డబ్బా లేకుండా పెడితే స్నేహితులు పోతారు.