టెక్ సందేహాలు: ఐదు తూటాలతో తేల్చేసే యాప్, గింజను గుర్తించని కాటా

ప్రశ్న: రైఫిల్ గురి మెరుగుపడాలని తూటాలను స్వయంగా నింపుకుంటున్నాను. ఎలక్ట్రానిక్ కాటా, బుల్లెట్ వేగాన్ని కొలిచే రాడార్ క్రోనోగ్రాఫ్, ఈ రెండింటికీ అనుసంధానమయ్యే ఫోన్ యాప్ వాడుతున్నాను. తూటాలో నింపే పేలుడు మందు మోతాదును (లోడ్) కొద్దికొద్దిగా మారుస్తూ ఒక్కో మోతాదుకు ఐదేసి తూటాలు పేల్చితే, యాప్ వాటిలో ఒకదానికి ‘ఉత్తమ లోడ్’ అని పచ్చ గుర్తు వేసింది. రెండు వారాల తర్వాత అదే పరీక్ష మళ్లీ చేస్తే ఆ గుర్తు మరో మోతాదుకు మారింది. లోపం ఏ పరికరంలో ఉంది?

జవాబు: ఈ ఫిర్యాదు నాకు కొత్త కాదు. పరికరాలు మారుతుంటాయి, యాప్‌లు మారుతుంటాయి, ఈ పచ్చ గుర్తు మాత్రం చెక్కుచెదరదు. మీ క్రోనోగ్రాఫ్ బహుశా నిర్దోషి. తప్పు లెక్కది. ఐదు తూటాల వేగాలను బట్టి ప్రామాణిక విచలనం, అంటే వేగాలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత, సెకనుకు 2 మీటర్లని తేలిందనుకుందాం. గణాంక శాస్త్రం ప్రకారం 95 శాతం విశ్వాసంతో చెప్పగలిగేది, అసలు విలువ సుమారు 1.2 నుంచి 5.7 మీటర్ల మధ్య ఎక్కడో ఉందని మాత్రమే. ఇరవై తూటాలు పేల్చితే ఆ హద్దులు 1.5, 2.9లకు దగ్గరపడతాయి. అంటే ఐదేసి తూటాలతో రెండు మోతాదులను పోల్చి ఒకటి మేలని ప్రకటించడం కాకి లెక్క. దానికి రెండు దశాంశ స్థానాలు తగిలించి, రంగు పూసి చూపించే యాప్ రూపకర్తలకు ఈ సంగతి తెలియదని నేను నమ్మను. ‘ఇంకా తేలలేదు’ అని రాస్తే యాప్ ఎవరికీ నచ్చదు కాబట్టి రాయరు.

పైగా ఈ వేగపు తేడా మీ లక్ష్యం దగ్గర ఎంత కనిపిస్తుందో కూడా చూసుకోండి. సెకనుకు 800 మీటర్ల వేగంతో వెళ్లే బుల్లెట్‌కు 10 మీటర్ల తేడా వచ్చినా, 100 మీటర్ల దూరంలో అది కిందికి జారే కొలతలో తేడా దాదాపు 2 మిల్లీమీటర్లే. అక్కడ మీ గ్రూపు, అంటే బుల్లెట్లు తగిలిన రంధ్రాల గుంపు, పెద్దదైతే వేగాన్ని కాక బెంచి మీద రైఫిల్ కుదురును, బుల్లెట్‌ను కేసులో (తూటా లోహపు గొట్టంలో) కూర్చోబెట్టిన లోతును, ఆ కేసు మెడ బుల్లెట్‌ను పట్టుకునే బిగువును అనుమానించాలి. వెయ్యి మీటర్ల దగ్గరైతే వేగం తేడాదే రాజ్యం.

ఇక కాటా. తూటా మందును తూచే కొలమానం గ్రెయిన్. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 64.8 మిల్లీగ్రాములు, కాబట్టి 0.1 గ్రెయిన్ చూపగలిగే కాటా 6.5 మిల్లీగ్రాముల అంచెల్లో మాట్లాడుతోందన్న మాట. పొడవాటి గింజల మందులో ఒక్కో గింజ ఒకటి రెండు మిల్లీగ్రాములు తూగుతుంది. ఒక మిత్రుడి బల్ల మీద నేను పట్టకారుతో గింజ తర్వాత గింజ పళ్లెంలో వేస్తూ పోయాను. ఏడో గింజ పడినా తెరమీది అంకె కదలలేదు. పళ్లెం ఎత్తి మళ్లీ పెట్టగానే ఒక్కసారిగా 0.2 పెరిగింది. లోడ్‌సెల్ (బరువును విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ఉన్న కాటాలు చాలావరకు నెమ్మదిగా వచ్చే చిన్న మార్పును గాలి వల్లో వేడి వల్లో వచ్చిన చలనంగా భావించి తమంతట తామే సర్దేసుకుంటాయి. అందుచేత గింజలు వేయడం పూర్తయ్యాక పళ్లెం ఎత్తి పెట్టి చూడటం మానకండి. వాడటానికి అరగంట ముందే కాటాను ఆన్ చేయండి, ఫ్యాను గాలికి, ఫోనుకు దూరంగా ఉంచండి. పెట్టెలో వచ్చే 50 గ్రాముల తూకపురాయితో సరిచూసి సంబరపడకుండా, మీ మోతాదుకు దగ్గరగా ఉండే చిన్న రాయితో కూడా సరిచూడండి.

మీరు అడగకపోయినా నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టే విషయం చెప్పక తప్పదు. కాటా నుంచి బ్లూటూత్ మీదుగా యాప్‌కు, అక్కడి నుంచి క్లౌడ్‌కు వెళ్లే ఆ అంకె దారిలో మారిపోతే మీకు తెలిసేదెలా? డిజిటల్ భద్రత అనగానే మనం దొంగతనం గురించే ఆలోచిస్తాం. ఇక్కడ ఎవరూ ఏమీ దొంగిలించనక్కరలేదు, ఒక్క అంకె తప్పితే చాలు. 2015లో రూనా సాండ్విక్, మైకేల్ ఆగర్ అనే పరిశోధకులు, గురి లెక్కలను తానే వేసుకునే ఒక కంప్యూటర్ రైఫిల్‌లోకి వైఫై ద్వారా చొరబడవచ్చని నిరూపించి, ఆ వివరాలను బ్లాక్ హ్యాట్ అనే కంప్యూటర్ భద్రతా సదస్సులో వెల్లడించారు. ట్రిగ్గర్ నొక్కాల్సింది మనిషే. వాళ్లు మార్చింది బుల్లెట్ బరువు అనే ఒక్క విలువను. తూటా పోయి పక్క లక్ష్యానికి తగిలింది.

అక్కడ తప్పిన అంకె గురిని తప్పించింది. తూటా నింపేటప్పుడు తప్పిన అంకె మీ ముఖానికి జానెడు దూరంలో పేలుతుంది. మందు పెంచిన నిష్పత్తిలోనే పీడనం పెరుగుతుందనుకోకండి. గరిష్ఠ మోతాదు దగ్గర అది అంతకంటే వేగంగా ఎగబాకుతుంది. అయినా యాప్‌లలోని ‘అందరి లోడ్‌లు’ జాబితాలో ఎవరైనా ఏదైనా నింపవచ్చు, ఆ మోతాదును ఎవరు పరీక్షించారో చూపించే గడి కూడా ఉండదు. గ్రెయిన్లను గ్రాములుగా మార్చే మీటను సున్నా మీట పక్కనే పెట్టి, తెర మూలన చీమ తలంత అక్షరంతో ఆ తేడా చూపే కాటాలను ఏ బుద్ధితో తయారు చేస్తారో నాకు అర్థం కాదు. ఒక గ్రాము అంటే 15.43 గ్రెయిన్లు! ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ చూసి మందు నింపేవారిని మాత్రం నేను వెనకేసుకురాను. మోతాదు మందు తయారీదారు ప్రచురించిన పట్టిక నుంచి రావాలి, అందులోని కనిష్ఠ మోతాదుతో మొదలుకావాలి.

ప్రశ్న: బుల్లెట్ ప్రయాణ మార్గాన్ని లెక్కగట్టే బాలిస్టిక్ యాప్ లొకేషన్ అనుమతి అడుగుతోంది. ఇవ్వాలా?

జవాబు: అవసరం లేదు. దానికి కావలసినవి ఉష్ణోగ్రత, గాలి పీడనం, తేమ. వాటిని చేత్తో నింపవచ్చు. మీ దగ్గర ఏ రైఫిల్ ఉందో, మీరు ఏ రోజు ఏ వేళ ఇంట్లో ఉండరో ఒకేచోట రాసిపెట్టిన జాబితా దొంగకు ఎంత ఉపయోగమో ఆలోచించండి. క్లౌడ్ నకలు కూడా ఆపేసి, లోడ్‌ల వివరాలను కాగితం పుస్తకంలో కలంతో రాసుకోండి. యాప్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ దానిలోని మోతాదులనూ వాటి ప్రమాణాలనూ ఆ పుస్తకంతో పోల్చి చూడండి. ఒక్కటి తేడా వచ్చినా ఆ రోజుకు మందు డబ్బా మూత తీయకండి.