‘నేను చలిగా ఉన్నాను’ అనొచ్చా?

సందేహం: అమెరికాలో పెరుగుతున్న మా మనవరాలు వీడియో కాల్‌లో ‘తాతయ్యా, నేను చలిగా ఉన్నాను’, ‘నేను భయంగా ఉన్నాను’ అంటుంది. తప్పని దిద్దితే, ‘మరి నేను హ్యాపీగా ఉన్నాను అంటే ఊరుకున్నావుగా’ అని ఎదురడిగింది. ఇంకోటి. మా యోగా క్లాసులో గుండె కొట్టుకోవడం, ఊపిరి, ఆకలి లాంటివి లోపల్నుంచి గమనించుకోవడాన్ని ‘అంతర్ శరీర అవగాహన’ అంటున్నారు. ఇంతకన్నా మంచి మాట లేదా?

సమాధానం: పిల్ల గట్టి ప్రశ్నే వేసింది, ముందు దానికే జవాబు చెప్పాలి.

‘నాకు ఆకలేస్తోంది’లో కర్త ఎవరు? ఆకలి. క్రియ దాని వెంటే నడుస్తుంది, మనం ‘కు’ తగిలించుకుని పక్కన నిలబడతాం. ఆకలి, దాహం, చలి ఎలా వేస్తాయో భయం, సిగ్గు, జాలి కూడా అచ్చం అలాగే వేస్తాయి. నిద్ర వచ్చినట్టే కోపమూ వస్తుంది. ఇది ఒంటిది, అది మనసుది అని మన వాక్యం గీత గీయలేదు. తెలంగాణలో ‘ఆకలైతుంది’, ‘దూపైతుంది’, ‘సలి పెడ్తుంది’ అంటారు. క్రియ మారింది గానీ ‘నాకు’ మారలేదు, కాబట్టి అవి తప్పని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ఇక ‘గా ఉన్నాను’ సంగతి. ‘వాడు నీరసంగా ఉన్నాడు’ అంటే చూస్తే మనకు అలా కనిపిస్తున్నాడని. ‘వాడికి నీరసంగా ఉంది’ అంటే లోపల వాడికి అలా ఉంది, బహుశా వాడే చెప్పి ఉంటాడు. సంతోషం, దిగులు ముఖంలో కనిపించేవి కాబట్టి ‘నేను సంతోషంగా ఉన్నాను’ కుదురుకుంది. భయం మాత్రం కనిపించదా అంటే కనిపిస్తుంది, కానీ దానికి ‘భయపడుతున్నాడు’ అని వేరే మాట ఉంది. చలి అలా కాదు, అది పడేవాడికే తెలుస్తుంది. ‘నేను చలిగా ఉన్నాను’ అంటే తెలుగు చెవికి ఆ పిల్లే డిసెంబరు నెల అయినట్టుంటుంది. ‘నాకు చలిగా ఉంది’ అనమనండి, చాలు.

రెండో సందేహం. లోపలి అవయవాల నుంచి మెదడుకు అందే కబురును విడిగా గుర్తించి, 1906లో తన పుస్తకంలో దానికి ఇంటరోసెప్టివ్ అన్న మాట వాడింది చార్లెస్ షెరింగ్టన్ అనే శాస్త్రవేత్త. 1981లో రైనర్ షాండ్రీ అనే ఆయన నాడి పట్టుకోకుండా, ఊరికే కూర్చుని గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టమని ఒక పరీక్ష పెట్టాడు. మీరూ ఒక నిమిషం కూర్చుని చూడండి, అనుకున్నంత తేలిక కాదు. లోపలి కబురు సరిగ్గా తెలియకపోతే ఆకలిని కోపమనీ, కంగారును జబ్బనీ పొరబడతాం. అలాగని పొద్దస్తమానం గుండె మీదే ధ్యాస పెట్టుకోవడమూ మంచిది కాదు, టెన్షన్ మనుషులకు కాస్త దడ రాగానే ప్రాణం పోతోందన్న భయం పుట్టేది అలాగే.

చిన్నప్పుడు లెక్కల పరీక్ష రోజు పొద్దున్నే నాకు కడుపులో తిప్పేది. మా అమ్మ భయమా అని అడిగేది కాదు. మజ్జిగలో ఇంత వాముపొడి కలిపి చేతికిచ్చి, ‘పన్నెండింటికి అదే పోతుందిలే’ అనేది. పరీక్ష అయ్యేది పన్నెండింటికే.

మన మాటలన్నీ ఇలా రెండు పడవల మీద కాళ్లు పెట్టినవే. ‘కడుపులో మంట’ అయితే డాక్టరు దగ్గరికి వెళ్తాం, ‘కడుపుమంట’ అయితే పక్కింటివాళ్లు కారు కొన్నారన్నమాట. ‘లో’ ఉంటే ఒంటిది, సమాసమైతే మనసుది అని సూత్రం కట్టేద్దామనుకున్నాను గానీ ‘తలనొప్పి’ అడ్డొచ్చింది. అది రెండు చోట్లా పనిచేస్తుంది.

‘అంతర్ శరీర అవగాహన’ తప్పేమీ కాదు, కానీ ఫారంలో నింపే మాటలా ఉంది. అవగాహన అంటే విషయం చదివి, విని అర్థం చేసుకోవడం. ఇక్కడ కావలసింది ఎరుక. మనకు ‘ఒళ్లు తెలియని నిద్ర’, ‘ఒళ్లు తెలియని కోపం’ ఉన్నాయి. తెగ రెచ్చిపోయేవాణ్ణి ‘ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడు’ అంటాం. ఎక్కడికో పోయిన ఒంటిని తెచ్చి పక్కన పెట్టుకోమంటున్నామన్నమాట! యోగా క్లాసులో గంటసేపు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే కాస్త మర్యాదగా చెబుతారు. అందుకని నా ఓటు ‘ఒంటి ఎరుక’కే.

బడిపిల్లల ‘ఒంటికి’ గుర్తొచ్చి ఎవరైనా నవ్వితే, ఆ ఒంటి వేరని చెప్పండి. అది ఒక వేలు చూపించే లెక్క, దాని తర్వాతిది రెంటికి. అయితే ‘టీచర్, ఒంటికి వస్తోంది’ అని సమయానికి చెప్పగలగడం కూడా ఒంటి ఎరుకే.