"18 నెలల్లో ఆస్ట్రేలియాలో నర్సు" అంటున్నారు, పొలం అమ్మి పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ అయ్యాక విజయవాడలో రెండేళ్ళు నీట్ లాంగ్ టర్మ్ చదివింది. సీటు రాలేదు. బెంజి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఆస్ట్రేలియాలో 18 నెలల డిప్లొమా చేస్తే ఎన్‌రోల్డ్ నర్సు అవుతుందని, ఆ తర్వాత పీఆర్ (శాశ్వత నివాసం) దానంతట అదే వస్తుందని చెబుతున్నారు. ఇక్కడ బీఎస్సీ నర్సింగ్‌లో వేస్తే నాలుగేళ్ళు దండగ కదా? ఈలోపు పెళ్ళి వయసు దాటిపోతుంది. అర ఎకరం అమ్మి పంపిద్దామనుకుంటున్నాం. జీఎన్‌ఎం (ఇక్కడి నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ, ఆస్ట్రేలియా డిప్లొమా మూడూ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: పొలం బేరం ముందు ఆపండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఏటా నీట్ ఫలితాలు వచ్చిన నెలలోపే ఈ ప్రశ్న వస్తుంది. ఊరు పేరు, దేశం పేరు మారతాయి అంతే. కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పిన మొదటి సగం నిజమే. ఎన్‌రోల్డ్ నర్సు అనే ఉద్యోగం ఉంది, దానికి డిప్లొమా ఉంది, ఏడాదిన్నర నుంచి రెండేళ్ళలో పూర్తవుతుంది. "దానంతట అదే" అన్నారు చూడండి, ఆ మాట దగ్గరే మీరు కుర్చీలోంచి లేచి వచ్చేయాల్సింది.

ఆస్ట్రేలియాలో నర్సుకు రెండు మెట్లు. పై మెట్టు రిజిస్టర్డ్ నర్సు, మూడేళ్ళ డిగ్రీ చదవాలి. కింది మెట్టు ఎన్‌రోల్డ్ నర్సు. బీపీ, షుగర్ చూడటం, స్నానం చేయించడం, కట్టు కట్టడం, మందులు ఇవ్వడం, ఇచ్చినవి రాసిపెట్టడం అన్నీ ఈమె చేస్తుంది, కానీ రిజిస్టర్డ్ నర్సు పర్యవేక్షణలోనే. రోగికి ఏ సేవ ఎలా జరగాలో నిర్ణయించేది, మార్చేది పైమెట్టు నర్సు. ఎన్‌రోల్డ్ నర్సులు ఆస్పత్రి వార్డుల్లోనూ, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లోనూ ఉంటారు. మన ఏఎన్‌ఎంతో సమానం అని కొందరు తేల్చేస్తారు గానీ అది కుదరదు. మన ఏఎన్‌ఎం పని సబ్‌సెంటర్లో, టీకాలు, గర్భిణుల చుట్టూ తిరుగుతుంది. ఎన్‌రోల్డ్ నర్సుది మర్యాదైన పనే, తక్కువ చేయను. పైమెట్టు అని చెప్పి కిందిమెట్టు అమ్మడం మీదే నా అభ్యంతరం.

ఇప్పుడు లెక్క చూడండి. చదువయ్యాక అక్కడే ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే 485 వీసాకు, ఆస్ట్రేలియాలో కనీసం 92 వారాల చదువు ఉండాలి. 18 నెలలంటే 78 వారాలు! కోర్సు ఎన్ని వారాలకు నమోదైందో క్రైకోస్ అనే ప్రభుత్వ జాబితాలో ఎవరైనా చూసుకోవచ్చు, ఐదు నిమిషాల పని. ఈ 14 వారాల గుంట పూడ్చడానికి ఇంకో డిప్లొమా తగిలిస్తారు, దాని ఫీజు వేరే. అప్పటికి పిల్ల అక్కడ ఉంటుంది, మీరు ఇక్కడ ఉంటారు, కాదనలేరు. పైగా డిప్లొమా వాళ్ళ 485కు వారాలు సరిపోతే చాలదు, చదివిన వృత్తి కూడా వాళ్ళ జాబితాలో ఉండాలి. ఇక పీఆర్. ఎవరి స్పాన్సరూ లేకుండా పాయింట్ల మీద వచ్చే 189 వీసా జాబితాలో రిజిస్టర్డ్ నర్సులు ఉన్నారు, ఎన్‌రోల్డ్ నర్సు లేదు. ఆమెకు ఏదో ఒక రాష్ట్రం నామినేట్ చేయాలి, లేదా యజమాని స్పాన్సర్ చేయాలి. వస్తే వస్తుంది. దానంతట అది మాత్రం రాదు.

డబ్బు సంగతి. స్టూడెంట్ వీసాకు ఏడాది ఖర్చుల కింద 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు చూపించాలి. మన రూపాయల్లో 16 లక్షల పైమాటే. కాలేజీ ఫీజు, విమానం టికెట్టు, ఆరోగ్య బీమా దీనికి అదనం. వీసా దరఖాస్తు రుసుమే 2,000 డాలర్లు, తిరస్కరించినా తిరిగి ఇవ్వరు. "పార్ట్ టైం చేసుకుని కట్టేసుకుంటుంది" అంటారు. సెమిస్టర్ నడిచేటప్పుడు రెండు వారాలకు 48 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ డిప్లొమాలో కనీసం 400 గంటలు ఆస్పత్రుల్లో జీతం లేని ప్లేస్‌మెంట్, అంటే వార్డు శిక్షణ ఉంటుంది. ప్లేస్‌మెంట్ వారాల్లో పొద్దున్న 7 గంటల షిఫ్టుకు వెళ్ళే పిల్ల, రాత్రి రెస్టారెంట్‌లో గిన్నెలు కడిగి మళ్ళీ 7కు నిలబడగలదా? ఆ వారాల్లోనే పిల్లలు ప్లేస్‌మెంట్ ఫెయిలవుతారు. మళ్ళీ చేయాలంటే మళ్ళీ ఫీజు.

ఇంగ్లిష్ విషయంలో చాలామంది బోల్తా పడతారు. "మా అమ్మాయిది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే" అంటే అక్కడి నర్సింగ్ బోర్డు దగ్గర చెల్లదు. ఇంగ్లిష్‌లో చదివినట్టు లెక్కగట్టే దేశాల జాబితాలో భారత్ లేదు. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో వినడం, చదవడం, మాట్లాడటంలో 7 చొప్పున, రాయడంలో 6.5, మొత్తం మీద 7 రావాలి. రాయడంలో ఈ సడలింపు 2025లో వచ్చింది, అంతకుముందు అక్కడా 7 అడిగేవారు. ఓఈటీ, పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్షలు కూడా ఒప్పుకుంటారు. 6తో సీటు ఇప్పిస్తాం అన్నవాళ్ళను ఒకటే అడగండి: కోర్సు చివర రిజిస్ట్రేషన్‌కు ఈ స్కోరు రాకపోతే మా అమ్మాయి ఏమవుతుంది? డిప్లొమా చేతిలో ఉండి రిజిస్ట్రేషన్ లేకపోతే ఆమె నర్సు కాదు, కేర్ అసిస్టెంటుగా పనిచేయాలి. ఆ పనికి ఇంత చదువూ అక్కర్లేదు.

ఇన్ని చెప్పాక కూడా డిప్లొమాయే కావాలంటే, ఆ కోర్సు కోడ్ హెచ్‌ఎల్‌టీ 54121. కాలేజీ పేరు, క్యాంపస్ పేరు రెండూ నర్సింగ్ బోర్డు ఆమోదించిన కోర్సుల జాబితాలో ఉండాలి. కాలేజీకి ఆమోదం ఉండి, మీకు అమ్మే క్యాంపస్‌కు లేకపోవచ్చు. అక్కడ చదివి ఎన్‌రోల్డ్ నర్సయినవాళ్ళు తర్వాత డిగ్రీలో చేరితే చాలా యూనివర్సిటీలు ఏడాది దాకా మినహాయిస్తాయి. అంటే 18 నెలలు, మళ్ళీ రెండేళ్ళు. మూడున్నరేళ్ళు, రెండుసార్లు విదేశీ ఫీజు. మీరు దండగన్న నాలుగేళ్ళకు ఇది ఆరు నెలలే తక్కువ.

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో పొలం ఉంది, పెళ్ళి ఉంది, పీఆర్ ఉంది. అమ్మాయికి ఈ పని ఇష్టమో కాదో ఒక్క ముక్క లేదు. ఆస్ట్రేలియా వీసా ఫారంలో ఈ కోర్సే ఎందుకు, ఈ దేశమే ఎందుకు అని అడుగుతారు. ఒక్కోదానికి 150 మాటల్లోపు అభ్యర్థే రాయాలి. ఆ జవాబులు కన్సల్టెన్సీ వాళ్ళు రాసిపెడతారు, నిజమే. రాత్రి రెండింటికి పక్క తడిపిన ముసలాయన్ని పక్కకు తిప్పి దుప్పటి మార్చాల్సింది మాత్రం మీ అమ్మాయే. ఆమెను ఈ రాత్రే కూర్చోబెట్టి అడగండి. "నాన్నా, నాకు ఇష్టం లేదు" అంటే ఈ ఉత్తరం ఇక్కడితో మడిచేయండి. డాక్టరు సీటు పోయిందని నర్సు సీటును ఓదార్పు బహుమతిలా చేతిలో పెట్టకండి. ఇక పెళ్ళి వయసు అన్నారు. ఆమెకు ఇరవై నిండుతుంటాయి. బీఎస్సీ అయ్యేసరికి ఇరవై నాలుగు. ఇరవై నాలుగేళ్ళకు చేతిలో రిజిస్ట్రేషన్ ఉన్న పిల్లకు సంబంధాలు రావని మీకు చెప్పిందెవరు?

ఇష్టమే అంటే, భయపడాల్సింది ఏమీ లేదు. లాంగ్ టర్మ్ రెండేళ్ళూ వృథా అని మీరు అనుకుంటున్నారు. బీఎస్సీ మొదటి సెమిస్టర్లో పిల్లలు తప్పేది అనాటమీ, ఫిజియాలజీలో. నీట్ జువాలజీ రెండుసార్లు తిరగేసిన పిల్లకు అవి సగం తెలిసిన పాఠాలే. ఆమె వెనకబడి లేదు.

ఆమెకు కష్టం ఎక్కడొస్తుందో కూడా చెబుతాను, ఇక్కడైనా అక్కడైనా ఒకటే. లీటరు సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి. సెలైన్ ఎక్కించే గొట్టం సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది. నిమిషానికి ఎన్ని చుక్కలు? 1000ని 20తో హెచ్చించి 480తో భాగిస్తే 41.66, అంటే 42. బైపీసీ పిల్లలకు హెచ్చవేత వస్తుంది. గంటల్ని నిమిషాలు చేయడం మరిచిపోయి 480 బదులు 8తో భాగిస్తారు, 2,500 వస్తుంది. నిమిషానికి 2,500 చుక్కలు ఎలా పడతాయని పెన్ను ఆపి చూసుకునే అలవాటు రావాలి. ఆస్ట్రేలియాలో చాలా కాలేజీలు ఈ మందుల లెక్కల పరీక్షకు పాస్ మార్కే నూటికి నూరు పెడతాయి. రోజుకు ఐదు లెక్కలు ఇప్పుడే మొదలుపెట్టించండి.

పోలిక అడిగారు కాబట్టి: బైపీసీ ఉంది కనుక జీఎన్‌ఎం వైపు చూడొద్దు. అది మూడేళ్ళు. తర్వాత డిగ్రీ కావాలంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ అని ఇంకో రెండేళ్ళు, మొత్తం ఐదు. బీఎస్సీ నాలుగే. మంగళగిరి ఎయిమ్స్ మీకు పక్కనే ఉంది కదా, ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే నార్‌సెట్ పరీక్ష బీఎస్సీ వాళ్ళు రిజిస్ట్రేషన్ రాగానే రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్ళు 50 పడకలకు తగ్గని ఆస్పత్రిలో రెండేళ్ళు పనిచేసి ఉండాలి. ఆర్ట్స్ గ్రూపు చదివినవాళ్ళకు మాత్రం జీఎన్‌ఎం మంచి దారి. ఆస్ట్రేలియాకే వెళ్ళాలన్నా బీఎస్సీతో దారి వేరుగా ఉంటుంది: అక్కడి నర్సింగ్ బోర్డు సైట్‌లో సెల్ఫ్ చెక్ (మన అర్హత మనమే చూసుకోవడం), తర్వాత ఎన్‌క్లెక్స్ అనే నర్సుల లైసెన్సు పరీక్ష హైదరాబాద్‌లోనే, చివరగా ఆస్కీ అనే ప్రాక్టికల్ అడిలైడ్‌లో. నెగ్గితే నేరుగా పైమెట్టు మీదే అడుగు. అప్పుడైనా కష్టాలు లేవని కాదు. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ప్రైవేటు ఆస్పత్రిలో మొదటి జీతం చూస్తే మీకు మనసు చివుక్కుమంటుంది. దాన్ని అనుభవం సర్టిఫికెట్‌కు కట్టే రుసుము అనుకోండి.

కాలేజీ చూసేటప్పుడు బిల్డింగు చూడకండి, బస్సు చూడండి. క్లినికల్ పోస్టింగ్‌కు పిల్లల్ని ఏ ఆస్పత్రికి పంపుతున్నారు, అక్కడ పడకల నిండా రోగులు ఉన్నారా, లేక ఒక్క రోగి చుట్టూ పదిహేను మంది నిలబడి నోట్సు రాసుకుంటున్నారా? మూడో ఏడాది పిల్లల్ని గేటు బయట అడిగితే నిజం చెబుతారు. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితా రెండూ చేరే ఏడాదివే చూడాలి, గోడ మీద ఫ్రేము కట్టిన పాత కాగితం కాదు. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ తీసుకుంటే రసీదు రాయించుకోండి. ఆరు నెలల "నర్సింగ్ అసిస్టెంట్" కోర్సుల బోర్డులు ఆస్పత్రి వీధుల్లో చాలా ఉన్నాయి. తెల్లకోటు ఇస్తారు, సిస్టర్ అని పిలుస్తారు, రిజిస్ట్రేషన్ మాత్రం రాదు.

చేరాక మీ వంతు ఒకటుంది. థియరీకి హాజరు 80 శాతం చాలు, క్లినికల్‌కు 100 శాతం ఉంటేనే డిగ్రీ. సంక్రాంతికి నాలుగు రోజులు, పెద్దమ్మ కూతురి పెళ్ళికి ఐదు రోజులు అని మీరు ఇంటికి లాక్కొస్తే, ఆ తొమ్మిది రోజుల డ్యూటీ ఆమె సెలవుల్లో ఒంటరిగా చేసి తీర్చాలి.

ఈ వారమే చేయదగినవి రెండు. హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టించండి: ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలలో ఒకటి. చివరి డోసు అయిన నెల, రెండు నెలల్లోపు రక్తపరీక్ష చేయిస్తే యాంటీబాడీలు 10కి తగ్గకుండా ఉండాలి. ఆ రిపోర్టు దాచండి, వార్డులో అడుగు పెట్టే చోటల్లా అడుగుతారు. రెండోది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరం ఇనీషియల్‌గా ఉండి, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, నాలుగేళ్ళ తర్వాత విదేశీ బోర్డు ఈ ముగ్గురూ ఒక్కరేనా అని అడుగుతుంది. పాస్‌పోర్టుకు ఇంకా పెట్టకపోతే మంచిదే. ముందు ఆధార్‌ను టెన్త్ మెమో ప్రకారం సరిచేయించి, అప్పుడు పెట్టండి.